జొన్న రొట్టె పెట్టే పరీక్ష

ఎయిర్‌ఫ్రయర్‌లో మిరపకాయ బజ్జి ఎందుకు కుదరదు? గోధుమ చపాతీని చక్కగా ఒత్తే రోటీమేకర్ జొన్న పిండి దగ్గర ఎందుకు మొరాయిస్తుంది? గ్యాసు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఇనప పెనం, ఇండక్షన్ స్టవ్ ఎక్కగానే రొట్టెను నడుమ మాడ్చి అంచుల్లో పచ్చిగా ఎందుకు వదిలేస్తుంది?

వంట చేతకాక వచ్చే ఇబ్బందులు కావివి. పరికరం ఏ సూత్రం మీద పనిచేస్తుందో, మన పొయ్యి మీద ఉడికే పదార్థానికి ఏం కావాలో, ఆ రెండింటికీ పొత్తు కుదరక వచ్చేవి. గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని ఊళ్ళలో ఇప్పుడు ఏ సామాన్ల అంగడికి వెళ్ళినా కొత్త వంటింటి పరికరాలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిలో చాలావరకు గోధుమ పిండినో, బంగాళదుంప ముక్కలనో, బియ్యాన్నో దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఈ పడమటి కర్నూలు వంటింట్లో జరిగే పని వేరు. జొన్న రొట్టె తట్టాలి, సంగటి కెలకాలి, బుడ్డల (వేరుసెనగల) పొడి కొట్టాలి, పొద్దున బొరుగుల ఉగ్గానిలోకి బజ్జి వేయాలి.

అందుకే పరికరం కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే మేలు. ఇది వేడిని ఎక్కడ పుట్టిస్తుంది? గింజను ఎలా నలుపుతుంది? నీటిని ఏం చేస్తుంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే డబ్బా మీద రాసిన గొప్పల్లో ఏది మన ఇంటికి పనికొస్తుందో తేలిపోతుంది.

తిండితోపాటు మారిన పొయ్యి

ఇవి నల్లరేగడి నేలలు. పత్తి, బుడ్డలు, జొన్న, కొర్ర ఇక్కడి మెట్ట పంటలు. ఆదోని మార్కెట్ యార్డుకు పేరు తెచ్చినవి కూడా పత్తి, వేరుసెనగే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, దిగువ కాలువ నీళ్ళు పారిన మేరకు వరి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక, కాలువ చూడని ఊళ్ళలో కూడా అన్నం రోజువారీ తిండి అయింది. రొట్టె, సంగటి ఒక పూటకు తగ్గాయి.

పొయ్యి కూడా అదే దారిలో మారింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 వచ్చాయి. కట్టెల పొయ్యి దగ్గర పొగ మింగిన ఇళ్ళలో గ్యాసు వెలిగింది. అన్నం, పప్పు వండే ఇంటికి ప్రెషర్ కుక్కర్, మిక్సీ సరిపోయాయి. ఇప్పుడు చక్కెర జబ్బు భయంతో కొందరు, రుచి మీద మనసుతో కొందరు మళ్ళీ కొర్రలు, జొన్నల వైపు చూస్తున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. గింజ వెనక్కి వచ్చిందిగానీ, పరికరాలు మాత్రం బియ్యం, గోధుమల దగ్గరే ఆగి ఉన్నాయి.

డెబ్బై గ్రాముల బరువు చేసే పని

ముందుగా పాత పరికరం సంగతి చూద్దాం. కొత్తవాటిని కొలవడానికి అదే కొలబద్ద. ప్రెషర్ కుక్కర్ మూల ఆలోచన 1679 నాటిది. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపిన్ గట్టి మూతతో ఆవిరిని బంధించి ఎముకలను సైతం మెత్తబరిచే పాత్రను తయారుచేశాడు. పాత్ర పేలకుండా కాపాడే సేఫ్టీ వాల్వు కూడా ఆయన చలవే.

నీరు మరిగే వేడి గాలి ఒత్తిడిని బట్టి మారుతుంది. ఆదోని సముద్రమట్టానికి 430 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్ళు సుమారు 98.5 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా ఆ అంకె దాటదు. పెంచిన మంటంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, దాంతో నీళ్ళు 120 డిగ్రీల దరిదాపుల్లో గానీ మరగవు. వంటలో జరిగే రసాయన మార్పుల వేగం ప్రతి పది డిగ్రీలకూ రమారమి రెట్టింపు అవుతుందనుకుంటే, ఇరవై డిగ్రీలకు నాలుగింతలు. గంట ఉడకాల్సిన శెనగలు పావుగంటలో మెత్తబడడం అందుకే.

ఆ ఒత్తిడిని నిర్ణయించేది మూత మీద పెట్టే వెయిట్. దాని లెక్క చాలా తేలిక. ఆవిరి గొట్టం రంధ్రం అడ్డంగా 3 మిల్లీమీటర్లు ఉందనుకోండి. దాని వైశాల్యం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరులో 0.07 వంతు. లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున పెరిగితే, ఆ చిన్న రంధ్రం దగ్గర పైకి తోసే బలం 70 గ్రాముల బరువుకు సమానం. కాబట్టి వెయిట్ 70 గ్రాములుంటే సరిగ్గా అక్కడే లేస్తుంది, కూత వేస్తుంది, ఆవిరి కాస్త వదిలి మళ్ళీ కూర్చుంటుంది. ఒక కుక్కర్ వెయిట్ ఇంకో కుక్కర్‌కు పెట్టకూడదని చెప్పేది ఇందుకే. రంధ్రం కొలత మారితే ఒత్తిడీ మారిపోతుంది.

దీని నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, కూత వచ్చిందంటే లోపల వేడి గరిష్ఠానికి చేరినట్టే. ఆ తర్వాత పెద్ద మంట పెట్టినా వంట తొందరగా కాదు. సెగ తగ్గించి నిమిషాలు లెక్కపెట్టుకుంటే గ్యాసు మిగులుతుంది. రెండోది, పప్పు ఉడకలేదని ప్రతిసారీ కుక్కర్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఈ వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు గడుసువి. వాటిలోని కాల్షియం, పప్పు కణాలను అంటిపెట్టే పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. "బోరు నీళ్ళలో పప్పు ఉడకదు" అని ఇళ్ళలో అనే మాట అక్షరాలా రసాయనశాస్త్రమే. చింతపండు ముందే వేస్తే పులుపు వల్ల కూడా పెక్టిన్ కరగదు, అందుకే పులుసు ఎప్పుడూ పప్పు మెత్తబడ్డాకే.

కుక్కర్ చేయలేని పని ఒకటుంది, కెలకడం. సంగటికి పొడి పిండిని ఉడుకుతున్న నీటిలో ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టి, ఉండ పైపొరలోని పిండిపదార్థం వెంటనే ఉబ్బి జిగురవుతుంది. నీరు ఇక లోపలికి చొరబడలేదు, నడుమ పొడి పొడిగా మిగులుతుంది. తెడ్డుతో ఆ ఉండలను చిదమాలి. కుక్కర్‌లోనే చేయాలంటే పిండిని ముందుగా చన్నీళ్ళలో జారుగా కలుపుకుని పోయడం ఒక్కటే మార్గం.

వేడెక్కితే పట్టు వదిలే అయస్కాంతం

కరెంటు రైస్‌కుక్కర్‌కు అన్నం అయిపోయిందని ఎలా తెలుస్తుంది? గడియారం ఉండదు, తేమ కొలిచే పరికరం ఉండదు. అయినా సరిగ్గా నీళ్ళు ఇంకిపోయిన క్షణాన టక్కుమని స్విచ్ పైకి లేస్తుంది.

1955లో జపాన్‌లో తోషిబా సంస్థ తెచ్చిన మొదటి విజయవంతమైన రైస్‌కుక్కర్ బయటి గిన్నెలో పోసిన నీళ్ళు ఆవిరైపోయాక వేడి పెరగడాన్ని పసిగట్టి ఆగిపోయేది. ఇప్పటి మామూలు రైస్‌కుక్కర్లలో గిన్నె అడుగున నడుమ ఒక గుండ్రటి బొత్తాం లాంటిది పైకి కిందికి ఆడుతుంటుంది. వేలితో నొక్కితే స్ప్రింగు తెలుస్తుంది. అందులో ఉండేది ఒక ప్రత్యేకమైన అయస్కాంత పదార్థం. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక వేడి దగ్గర అయస్కాంత గుణం పోతుంది. దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఈ బొత్తాంలోని మిశ్రమాన్ని నూరు డిగ్రీలు దాటిన కాసేపటికే పట్టు వదిలేలా తయారుచేస్తారు. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపూ అడుగు వేడి మరిగే స్థాయిని దాటదు. నీళ్ళు గింజల్లోకి ఇంకిపోగానే వేడి పెరుగుతుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది, స్ప్రింగు మీట కరెంటును ఆపేస్తుంది.

ఈ పద్ధతి గింజను చూడదు, నీటిని మాత్రమే చూస్తుంది. అందువల్ల కొర్రలకూ అంతే నమ్మకంగా పనిచేస్తుంది. మన వంతు పని నీళ్ళు సరిగా పోయడం, కొర్రలను ముందే నానబెట్టడం. గింజ లోపలికి తేమ ముందే చేరితే పైన మెత్తబడి లోపల పలుకుగా ఉండే బాధ తప్పుతుంది. ఇక్కడి పరీక్షలో రైస్‌కుక్కర్‌కు మంచి మార్కులే పడతాయి. అదే గిన్నె మీద చెమ్మ ఉన్నా, బొత్తాం చుట్టూ మెతుకులు అతుక్కున్నా గిన్నె వేడి దానికి సరిగా అందదు, స్విచ్ ఎప్పుడు లేవాలో దానికి తెలియదు. తుడిచి పెట్టడంలో కిటుకంతా ఉంది.

గిన్నె అడుగే పొయ్యి

ఇండక్షన్ స్టవ్ బేరమాడేటప్పుడు అంగట్లో తరచుగా వినపడే ప్రశ్న ఒకటే. "అన్నా, మా ఇంట్లో ఉండే పెనం దీని మీద పెట్టొచ్చా?" జవాబూ ఒకటే. "అయస్కాంతం అంటుకుంటే పెట్టొచ్చక్కా."

ఆ జవాబు వెనక 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఉంది. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా దిశ మార్చుకుంటుంది. దానితోపాటు అయస్కాంత క్షేత్రమూ అటూ ఇటూ మారుతూ పైనున్న గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటును పుట్టిస్తుంది. ఆ కరెంటుకు ఇనుము అడ్డుపడడం వల్ల వేడి పుడుతుంది. అంటే పొయ్యి వేడెక్కి గిన్నెకు ఇవ్వడం కాదు, గిన్నె అడుగే పొయ్యి అవుతుంది. ఇనుములో ఈ కరెంటు మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని పైపొరలోనే కిక్కిరిసి పారుతుంది కనుక వేడి బాగా పుడుతుంది. అల్యూమినియం, రాగి గిన్నెల్లో అలా జరగదు. మట్టికుండలో అసలు కరెంటే పారదు.

ఖర్చు లెక్క చూద్దాం. 30 డిగ్రీల నీళ్ళు లీటరు మరగడానికి సుమారు 287 కిలోజౌళ్ళ శక్తి కావాలి. ఇండక్షన్‌లో 85 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే పదోవంతు యూనిట్ కంటే కాస్త తక్కువ కరెంటు. గ్యాసు స్టవ్ పరీక్షలో 68 శాతం సామర్థ్యం చూపాలని మన ప్రమాణాలు చెబుతాయి. రోజువారీ వాడకంలో 60 శాతం అందిందనుకున్నా సుమారు 10 గ్రాముల గ్యాసు సరిపోతుంది. మీ కరెంటు బిల్లు ఏ శ్లాబులో ఉంది, సిలిండరు ఎంతకు వస్తోంది అనే రెండు అంకెలు దీనికి జోడిస్తే మీ ఇంటి లెక్క తేలుతుంది. టీ కాచడానికి, పాలు పొంగించడానికి, అన్నం పప్పు వండడానికి ఇండక్షన్ చక్కగా సరిపోతుంది. వంటింట్లో వేడి కూడా తగ్గుతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్ళలో అది చిన్న లాభం కాదు.

రొట్టె దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. తీగ చుట్ట ఎంత మేర ఉందో అంత మేరకే వేడి పుడుతుంది. ఇళ్ళలో వాడే చిన్న స్టవ్‌లలో ఆ చుట్ట రొట్టెల పెనం కంటే బాగా చిన్నది. ఇనుములో వేడి మెల్లగా పాకుతుంది, అల్యూమినియంతో పోలిస్తే మూడోవంతు వేగం కూడా ఉండదు. అందుకే నడుమ మాడుతుంటే అంచులు చల్లగా ఉంటాయి. గ్యాసు మంట అయితే పెనం కింద అంచుల దాకా నాలుకలు చాస్తుంది. పైగా నడుమ గుంటగా ఉండే పాత పెనం గాజు పలకకు సమంగా ఆనదు. ఉత్త పెనం బాగా కాగుతుంటే, గాజు కింద ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్ ప్రమాదమనుకుని స్టవ్‌ను ఆపేస్తుంది కూడా. చివర్లో రొట్టెను నేరుగా మంట మీద పొంగించడానికి మంటే లేదు. కాబట్టి ఈ ఇళ్ళకు ఇండక్షన్ రెండో పొయ్యిగా బాగుంటుంది, ఒకే పొయ్యిగా కాదు.

కోసే బ్లేడు, నూరే రాయి

మిక్సీ విదేశీ పరికరంలా కనిపిస్తుందిగానీ, ఇప్పుడు మనం వాడే రూపం మన దేశంలోనే తయారైంది. బయటి దేశాల బ్లెండర్లు పండ్లు చిలకడానికి పుట్టినవి. పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు, నానిన మినప్పప్పు వేస్తే వాటి మోటార్లు కాలిపోయేవి. 1960ల్లో ముంబైలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు బలమైన మోటారుతో, ఎండు దినుసులకు విడి జార్లతో తెచ్చిన సుమీత్ మిక్సీ ఆ లోటు తీర్చింది. గింజను బట్టి యంత్రాన్ని మార్చితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ మన వంటింట్లో లేదు.

మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18 వేల చుట్ల దాకా తిరుగుతుంది. బ్లేడు చివర నుంచి చివరకు 7 సెంటీమీటర్లుంటే, దాని కొస గంటకు 230 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకుపోతున్నట్టు లెక్క. ఆ వేగం గింజను కొట్టి ముక్కలు చేస్తుంది. రోలు, రుబ్బుడు రాయి చేసే పని వేరు. అవి గింజను రెండు తలాల మధ్య ఒత్తి ఈడుస్తాయి.

ఈ తేడా బుడ్డల పొడిలో బాగా తెలుస్తుంది. వేరుసెనగ గింజలో దాదాపు సగం నూనే. వేయించిన బుడ్డలను వేడిగా ఉండగానే మిక్సీలో వేసి ఆపకుండా తిప్పితే నూనె కణాలు పగిలి, వేడికి పల్చబడిన నూనె పైకి తేలి, పొడి కాస్తా ముద్ద అవుతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, రెండు సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో జారు విదిలిస్తూ కొడితే పొడి పొడిగా వస్తుంది. మీటను వెనక్కి తిప్పితే క్షణం మాత్రమే తిరిగే ఏర్పాటు ఇందుకోసమే. పైగా వేడి పదార్థం మూసిన జారులో తిరిగితే లోపలి గాలి, ఆవిరి వ్యాకోచించి మూతను ఎగరగొట్టే ప్రమాదం ఉంది.

మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడనక్కర్లేదు. కరెంటు తీగ ఊడదీసి, మిక్సీని తిరగేసి చూడండి. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. బరువు ఎక్కువై మోటారు ఎక్కువ కరెంటు లాగితే అది బయటికి పొడుచుకొచ్చి సరఫరాను తెంచేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి, జారులో సరుకు తగ్గించి, బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. మోటారుకూ జారుకూ మధ్యనుండే నల్ల కప్లర్ కూడా అలాంటి కాపలాదారే. బ్లేడు బిగుసుకుపోతే తక్కువ ఖరీదున్న ఆ ముక్క విరిగి, ఖరీదైన మోటారు బతుకుతుంది.

మినప్పిండి రుబ్బడానికి మాత్రం రాతిదే పైచేయి. 1955లో కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి తెచ్చిన కరెంటు వెట్ గ్రైండర్ ఆ నగరానికే గుర్తుగా మారి భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. రాళ్ళు నెమ్మదిగా తిరుగుతాయి కనుక పిండి వేడెక్కదు, గాలి బాగా పట్టి నురగలా పొంగుతుంది. మిక్సీలో రుబ్బక తప్పనప్పుడు చల్లటి నీళ్ళు పోయడం, ఆపి ఆపి తిప్పడం ఆ వేడిని తగ్గించడానికే.

కన్నీళ్ళకు మూతపెట్టిన డబ్బా

ఉల్లికి కర్నూలు మార్కెట్ పెట్టింది పేరు. ఉగ్గానికీ ఉల్లిపాయలు దండిగా కావాలి. ఈమధ్య ఇళ్ళలో బాగా కలిసిపోయిన చౌక పరికరం తాడు లాగితే తిరిగే కట్టర్. దీనికి కరెంటు అక్కర్లేదు. తాడు లాగితే లోపలి చక్రం తిరిగి బ్లేడ్లను తిప్పుతుంది, వదిలితే స్ప్రింగు తాడును చుట్టేసుకుంటుంది.

దీనివల్ల కన్నీళ్ళు తగ్గుతాయి. ఉల్లిపాయ కణాలు తెగినప్పుడు అప్పటిదాకా వేరువేరు అరల్లో ఉన్న ఎంజైములు, గంధక పదార్థాలు కలిసి కంటిని మండించే వాయువును పుట్టిస్తాయి. ఆ వాయువును తయారుచేసే ప్రత్యేక ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. కట్టర్‌లో ఆ వాయువు పుట్టకపోదు, మూత కింద బందీ అవుతుంది. మూత తీసేటప్పుడు మొహం పైన పెట్టకపోతే చాలు. నాలుగైదు లాగులకు ఆపాలి. ఎక్కువ లాగితే కణాలు నలిగి నీళ్ళూరతాయి, అలాంటి ఉల్లి బాణలిలో వేగదు, ఉడుకుతుంది.

బజ్జి దగ్గర ఓడిన గాలి

ఎయిర్‌ఫ్రయర్ పేరుతో ఫిలిప్స్ సంస్థ 2010లో మార్కెట్లోకి తెచ్చిన పరికరం నిజానికి ఒక చిన్న ఓవెన్. పైన వేడి తీగ, దాని మీద జోరుగా తిరిగే ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. వేడిగాలి పదార్థం చుట్టూ వేగంగా తిరిగి పైతేమను ఆరబెడుతుంది. పైపొర పొడిబారి 140 డిగ్రీలు దాటాక చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి ఎర్రటి రంగును, కమ్మటి వాసనను పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీల్ మయార్ వివరించిన ఈ చర్య వల్లే రొట్టె మీద మచ్చలు, వేపుడు మీద ఎరుపు.

మరి బజ్జి ఎందుకు రాదు? మిరపకాయకు పట్టించిన శెనగపిండి జారుగా ఉంటుంది. కాగిన నూనెలో పడగానే నలువైపులా వేడి ఒక్కసారి తాకి, లిప్తలో పైపొర గట్టిపడుతుంది, ఆకారం నిలుస్తుంది. అదే వేడి ఉన్నా గాలి నూనె కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా వేడిని అందిస్తుంది. పిండి గట్టిపడేలోపే బుట్ట చిల్లుల్లోంచి జారిపోతుంది, ఫ్యాను గాలి మిగిలినదాన్ని చెదరగొడుతుంది. ఎంత ఖరీదైన ఎయిర్‌ఫ్రయరైనా ఇక్కడ చేసేదేమీ లేదు.

నూనెలో వేసినా నూనె తక్కువ పీల్చేలా చేసే ఉపాయం మాత్రం ఉంది. బజ్జి నూనెలో ఉన్నప్పుడు లోపలి నీరు ఆవిరై బుడగలుగా బయటికి తోసుకొస్తుంటుంది. ఆ తోపుడు నూనెను లోపలికి రానివ్వదు. బయటికి తీశాక చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరైపోయి ఖాళీ ఏర్పడుతుంది, పైనంటిన నూనె అప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి తీసిన వెంటనే, వేడి తగ్గకముందే, జల్లి గరిటెలో బాగా విదిలించి నూనె వార్చేయాలి. నూనె సరిగా కాగకముందు వేయకూడదు, బుడగలు ఆగిపోయాక నూనెలో ఉంచకూడదు.

ఎయిర్‌ఫ్రయర్‌ను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. పచ్చి బుడ్డలు సమంగా వేయించడానికి, బెండకాయ ముక్కల జిగురు ఆర్చడానికి, మెత్తబడిన వడను మళ్ళీ కరకరలాడించడానికి అది బాగా పనికొస్తుంది. పైపొర ముందే ఆరి గట్టిగా ఉన్న పదార్థమైతే సరే, జారే పిండి అయితే వద్దు. అంతే సూత్రం.

రొట్టె తట్టే చేయి తెలిసిన శాస్త్రం

ఇక అసలు పరీక్ష. గోధుమ పిండిని నీళ్ళతో కలిపితే అందులోని రెండు రకాల ప్రొటీన్లు పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఒత్తినా చిరగదు, సాగుతుంది. జొన్నలో ఆ ప్రొటీన్లు లేవు. మరి రొట్టె నిలబడేది దేని మీద?

ఎసటి నీళ్ళ మీద. మరిగే నీళ్ళు పోయగానే జొన్న పిండిలోని కొంత పిండిపదార్థం నీరు తాగి ఉబ్బి, జిగురుగా మారుతుంది. జొన్నలో ఈ మార్పు సుమారు 70 డిగ్రీల దగ్గర జరుగుతుంది. గోరువెచ్చటి నీళ్ళు పోస్తే ఆ జిగురు పుట్టదు, ఎంత పిసికినా పిండి విరుగుతుంది. వేడి ఉండగానే అరచేతి మడమతో నలుపుతూ ఆ జిగురును పిండంతటా పట్టిస్తారు. ఆ తర్వాత తట్టడం. ఉండ వెడల్పయ్యేకొద్దీ అంచు చుట్టుకొలత పెరుగుతుంది. సాగే గుణం లేదు కనుక అంచు పగలాలి. కుడి చేయి తడుతూ రొట్టెను తిప్పుతుంటే ఎడమ చేతి వేళ్ళు ఆ పగుళ్ళను ఎప్పటికప్పుడు లోపలికి ఒత్తి మూసేస్తాయి. పెనం మీద వేశాక పైన తడి బట్టతోనో వేళ్ళతోనో నీళ్ళు పూస్తారు. పైతలం ముందే ఆరి బిగుసుకుపోకుండా ఆ తడి కాపాడుతుంది. తిప్పి మంట మీద పెట్టినప్పుడు లోపలి నీరు ఆవిరై, రెండు పొరలను విడదీసి పొంగిస్తుంది.

కరెంటు రోటీమేకర్ ఇందులో ఏ మెట్టునూ పాటించదు. రెండు వేడి పలకల మధ్య ఉండను పెట్టి ఒక్క దెబ్బకు నొక్కుతుంది. గోధుమ పిండి సాగి సర్దుకుంటుంది. జొన్న పిండి అంచులు చీలుతాయి, మూసే వేళ్ళు లేవు. పైగా పలకల వేడికి పైపొర పూర్తిగా పరుచుకోకముందే గట్టిపడిపోతుంది.

నాన్‌స్టిక్ పెనం కూడా ఇక్కడ నెగ్గదు. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన ఆ జారుడు పూతకు 260 డిగ్రీలు హద్దు. అది దాటాక పూత పాడవడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే హానికరమైన పొగలొస్తాయి. రొట్టె కోసం ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కాల్చే వంటింట్లో ఆ హద్దు దాటడం ఎంతో సేపు పట్టదు. ఇనప పెనానికి అలాంటి భయం లేదు.

పనికొచ్చే కొత్త సామాను లేకపోలేదు. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఉండను పెట్టి చేత్తో మీట నొక్కే చల్లటి ప్రెస్ ఒకటి. వేడి లేదు కనుక పిండి బిగుసుకోదు, నొక్కాక అంచులను వేళ్ళతో సరిచేసే వీలుంటుంది. తట్టడం రాని కొత్త చేతులకు అది మంచి ఆసరా. ఇంట్లో పెట్టుకునే చిన్న పిండిమర ఇంకొకటి. పాత పిండితో రొట్టె విరుగుతుందని, తాజా పిండి చేతికి వస్తుందని తట్టేవాళ్ళందరూ చెబుతారు. జొన్నలోని కొవ్వు పిండి పట్టాక గాలి తగిలి త్వరగా కనరెక్కుతుంది కూడా. వారానికి సరిపడా పట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి. పక్కనున్న ఉత్తర కర్ణాటకలో జొన్న రొట్టెల యంత్రాలు పెట్టుకుని అమ్మకానికి చేసేవాళ్ళున్నారు. కానీ అవి కుటీర పరిశ్రమకు సరిపోయేవి, నలుగురున్న ఇంటికి కాదు.

ఏది ముందు, ఏది తర్వాత

డబ్బు చూసి కొనుక్కునే ఇల్లు ఏ వరసలో కొనాలి? కుక్కర్, మిక్సీ ఎలాగూ ఉంటాయి. వాటి రబ్బరు, వెయిట్, కప్లర్ సకాలంలో మార్చడం కొత్త వస్తువు కొనడం కంటే ముందు పని. ఆ తర్వాత తాడు కట్టర్. ఖర్చు తక్కువ, రోజూ పని. కొర్రలు, బియ్యం రెండూ వండే ఇంటికి రైస్‌కుక్కర్. ఎండాకాలం వేడి తట్టుకోవడానికి, సిలిండరు అయిపోయినప్పటి ఆసరాకు ఇండక్షన్. రొట్టె వారంలో నాలుగు పూటలైనా తినే ఇంటికి చల్లటి ప్రెస్. ఎయిర్‌ఫ్రయర్ చివర. కరెంటు రోటీమేకర్, గోధుమ చపాతీలు మాత్రమే చేసే ఇంటికి.

యంత్రాలు తయారుచేసేవాళ్ళకూ ఇందులో ఒక పని మిగిలి ఉంది. మినప్పప్పు మొండికేస్తే కోయంబత్తూరు గ్రైండర్ పుట్టింది, ఎండు మిరపకాయ మొండికేస్తే మన మిక్సీ పుట్టింది. జొన్నకు ఇంకా ఇంటి యంత్రం కుదరలేదు. అది మొదట చల్లగా నొక్కాలి, నొక్కుతూ అంచులను లోపలికి మూయాలి, ఆపైనే వేడి ఇనుముకు అప్పగించాలి, పైన తడి పూయాలి. ఈ నాలుగూ ఒక వరసలో చేయగలిగేది వచ్చేదాకా, అంగట్లో ఎవరైనా రోటీమేకర్‌లో గోధుమ పిండితో చేసి చూపిస్తే తల ఊపకండి. జొన్న పిండి తెప్పించి, ఎసరు పెట్టించి, మీ ముందే ఒక రొట్టె చేయించండి. అంచు చీలకుండా వస్తేనే డబ్బు లెక్కపెట్టండి.